మొదటి రీడింగు

“ఏదైనా ఒకటేలే పాపా. ఇద్దరిదీ ఒకే మందు, ఒకే డోసు. నీ చేతికి దగ్గరున్నది ఇటియ్యి,” అంది నర్సు సుశీలమ్మ, చేతులకు గ్లవుజులు తొడుక్కుంటూ. కిటికీ గట్టు మీద రెండు కాగితపు కవర్లున్నాయి, కింద మందుల షాపులో ఇచ్చినవి, ఒక్కొక్క దానిలో రెండేసి అట్టపెట్టెలు. మేరీ వంగి చూసింది. చూడాలని చూడలేదు. ఆ మందు తయారుచేసే కంపెనీలో ఆరేళ్ళుగా పని చేస్తున్న కళ్ళు, ఆ పెట్టె ఎక్కడ కనబడ్డా మందు పేరు వదిలేసి అడుగున బ్యాచ్ నంబరు అచ్చువేసిన చోటికి పోతాయి. మొదటి కవరులో రెండు పెట్టెల మీదా చివరి అంకెలు ముప్పై ఏడు. రెండో కవరులో రెండింటి మీదా నలభై ఒకటి. ముప్పై ఏడు దగ్గరగా ఉంది. మేరీ చెయ్యి దాని మీదుగా పోయి నలభై ఒకటి ఉన్న కవరు తీసి సుశీలమ్మకు ఇచ్చింది. “ఇది మా అమ్మకు,” అంది. జరిగింది అంతే. ఎవరినీ మోసం చేసినట్టు అనిపించలేదు, ఎవరినీ కాపాడినట్టూ అనిపించలేదు. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నట్టుంది. మిగిలిన కవరు దానంతటదే పక్క మంచం మీది రాజేశ్వరమ్మది అయింది.

సీసాలో ఉండేది తెల్లటి పొడి. సెలైన్‌ను దాని మీద పడకుండా సీసా గోడ వెంబడి జారవిడవాలి, ఊపకూడదు, పొడి నానేదాకా ఆగి మెల్లగా తిప్పాలి. “నెమ్మదిగా అక్కా,” అంది మేరీ. “తెలుసులేమ్మా, నేనేమన్నా కొత్తనా,” అంది సుశీలమ్మ, కోపం లేకుండానే. ఎంత నెమ్మదిగా చేసినా కొంచెం నురగ వచ్చింది. నురగ వస్తే పావుగంట కదపకుండా పెట్టాలి. సుశీలమ్మ సీసాలను రెండు ట్రేలలో పెట్టి, ఒకదానికి జ్ఞానమ్మ అని, ఒకదానికి రాజేశ్వరమ్మ అని తెల్ల ప్లాస్టరు మీద రాసి అంటించి, కింద ఎవరో పిలిస్తే మెట్లు దిగిపోయింది. మార్కాపురంలో ఆ నర్సింగ్ హోం పై అంతస్తులో ఆ గది ఒక్కటే, గదిలో రెండు మంచాలు, శనివారం శనివారం గుంటూరు నుంచి క్యాన్సర్ డాక్టరు కరుణాకరం వచ్చి కింద పేషంట్లను చూసుకుంటూ ఉంటే పైన మందు ఎక్కిస్తూ ఉంటారు. రెండు మంచాలకూ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో మేరీ కూర్చుంది. గడియారం పదకొండూ పది చూపిస్తోంది. ఏదైనా చెప్పాలంటే పావుగంట ఉంది. చెప్పాలని గానీ చెప్పకూడదని గానీ ఆమెకు లేదు. భయం వేస్తుందేమోనని కాసేపు చూసింది. వెయ్యలేదు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. కింద ఆటోవాడు తర్లుపాడు, తర్లుపాడు అని అరుస్తున్నాడు, పొద్దున వాళ్ళు వచ్చిన ఆటో లాంటిదే, లోపల నిండాక కూడా ఇంకా అరుస్తూనే ఉంటాడు.

అమ్మ కళ్ళు మూసుకొని ఉంది. తలకు కొంగు చుట్టుకుంది. జుట్టు చలికాలంలోనే పోయింది. జనవరిలో ఒంగోలులో మొదటిసారి పాతరకం మందు పెట్టినప్పుడు పది నిమిషాలకే ముఖం ఉబ్బి, ఊపిరి అందక, మంచం కమ్మీ పట్టుకొని పైకి లేచిందట, పిన్ని ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. అప్పుడు మేరీ హైదరాబాదులో, డ్యూటీలో ఉంది. మందు పడలేదని అందరూ అనుకున్నారు. పడనిది మందు కాదు. ఆ మందు నీళ్ళలో కరగదు, నెత్తురులోకి ఎక్కించాలంటే దేనిలోనైనా కలపాలి, పాతరకంలో దాన్ని ఆముదం నుంచి చేసే ఒక ద్రవంలో కలుపుతారు. పడనిది ఆ ద్రవం. ఆ మాట చెబితే పిన్ని ఏడుపు ఆపి, “ఆముదమా? పుట్టినకాడ్నించి ఆముదం చేలల్లో కాయలు కోసిన మనిషికి ఆముదం పడలేదా?” అంది. ఈ కొత్తరకంలో ఆ ద్రవం ఉండదు. మన నెత్తురులోనే ఉండే ఒక ప్రోటీన్, గుడ్డు తెల్లసొన లాంటిది, దానితో మందును చిన్నచిన్న ఉండలుగా చుడతారు, కాగితం మందంలో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉండే ఉండలు, నానో అంటే అంతే. ఒంట్లోకి పోయాక గడ్డకు ఆ ప్రోటీన్ మీద ఆశ, ఉండను లోపలికి లాక్కుంటుంది, దాంతోపాటు విషమూ పోతుంది. ఈ సంగతి అమ్మకు చెప్పినప్పుడు ఆమె అంతా విని, “అయితే అన్నంలో పెట్టి ఇచ్చినట్టు,” అంది. ఇంతకన్నా బాగా మేరీ ఎప్పుడూ చెప్పలేకపోయింది, ఇంటర్వ్యూలో కూడా.

అంతా ఆ ఉండల మీదే ఉంది. అవి విడివిడిగా ఉన్నంతకాలం అది మందు. ఒకదానికొకటి అంటుకొని గుత్తులు కట్టడం మొదలుపెడితే అదేమిటో ఎవరూ చెప్పలేరు, గడ్డ దాకా పోకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో సన్నటి నాళాల దగ్గర ఆగిపోవచ్చు, ఏమీ కాకనూ పోవచ్చు. అందుకే ప్రతి బ్యాచ్‌లో కొన్ని సీసాలు తీసి కంపెనీలోనే దాచిపెడతారు, వేడి గదుల్లో, మామూలు గదుల్లో. మూడు నెలలకూ, ఆరు నెలలకూ, తొమ్మిది నెలలకూ ఒక్కొక్క సీసా బయటికి తీసి ఉండల సైజు కొలుస్తారు. కొలిచేది మేరీ. నీళ్ళలో కలిపి, వేలంత గాజు గొట్టంలో పోసి, మిషనులో పెట్టి మూత వేస్తే రెండు నిమిషాల్లో అంకె వస్తుంది. రెండు వందల నానోమీటర్లు దాటకూడదు. ఆరేళ్ళలో ఎన్ని వేల అంకెలు చూసిందో, నూట ముప్పై, నూట నలభై, నూట ముప్పై ఐదు, రోజంతా చూసి హాస్టలుకు పోయి పడుకుంటే కళ్ళ ముందు ఇంకా పచ్చగా మెదిలేవి. మే నెలలో ఒక మధ్యాహ్నం, భోజనం తర్వాత, ముప్పై ఏడో బ్యాచ్ తొమ్మిదో నెల సీసా. రెండు వందల పన్నెండు.

ఆ అంకె చూసి ఆమె ఏమీ అనుకోలేదు, అది ఇప్పుడు గుర్తొస్తోంది. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు ఆ గదిలో. లేచి పోయి లక్ష్మీకాంత్ సార్‌ను పిలుచుకొచ్చింది. లక్ష్మీకాంత్ సార్‌ది గిద్దలూరు. ఇంటర్వ్యూలో అందరూ ఇంగ్లీషులో అడుగుతుంటే ఆయన ఒక్కడే, “ఏ ఊరు పాపా మనది?” అన్నాడు, ఆ మాటతోనే నోరు తడి అయి మిగతా జవాబులు చెప్పింది. నాయన చనిపోయినప్పుడు సెలవు కాగితం ఆయనే నింపాడు. చెడ్డవాడని అనుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆయన తెర వంక చూసి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకొని, “గొట్టంలో బుడగ ఉంటాది మేరీ. బుడగ ఉంటే ఇట్లనే చూపిస్తది. ఇంకో రెండు సీసాలు తీసి చూడు,” అన్నాడు. చూసింది. నూట అరవై ఎనిమిది. నూట డెబ్బై ఒకటి. “చూసినావా,” అన్నాడు. మొదటి అంకె చెరపడానికి కంప్యూటరు ఒప్పుకోదు, పక్కన కారణం రాయాలి. ఆయన చెప్పలేదు, ఫలానా మాట రాయమని. పక్కన నిలబడ్డాడు. ‘గాజు గొట్టంలో గాలి బుడగ గమనించబడింది’ అని టైపు చేసింది, పాస్‌వర్డ్ కొట్టింది, అదే సంతకం. గమనించబడింది. ఎవరి చేత అన్నది ఆ మాటలో లేదు. గొట్టాన్ని అప్పటికే కడిగేసింది. బుడగ ఉందేమో. ఉండే ఉంటుందేమో. ఆమె మాత్రం చూడలేదు. టీ తాగడానికి పోయింది. ఆ రోజు టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చారు, ఎవరిదో పుట్టినరోజు.

సుశీలమ్మ వచ్చి సీసాలను వెలుగుకెత్తి పట్టి చూసింది. నురగ అణిగింది. రెండూ పాలలా ఉన్నాయి, ఒకే తెలుపు, తరకలు లేవు, అడుగున పేరుకున్నదీ లేదు. మేరీ కూడా చూసింది. ఆ సైజులు కంటికి కనిపించవని తెలిసే చూసింది. సుశీలమ్మ మందును సూదితో లాగి రెండు చిన్న ప్లాస్టిక్ సంచుల్లోకి పోసి, రెండు స్టాండ్లకు తగిలించి, పైపుల చక్రాలు తిప్పింది. మూడు సెకండ్లకో చుక్క. అరగంటలో అయిపోతుంది. చుక్క సంచి కింద గాజులాంటి గదిలో ముందు బొట్టుగా వేలాడి, బరువెక్కి, రాలుతుంది. ఇటు ఒకటి, అటు ఒకటి, రెండూ ఒకేసారి రాలవు. మేరీ కాసేపు అవి ఎప్పుడైనా కలుస్తాయేమోనని చూసింది.

“తిమ్మిరి తగ్గిందా జ్ఞానమ్మా?” అంది రాజేశ్వరమ్మ పక్క మంచం మీంచి. ఆమెకు అరవై దాటి ఉంటాయి, పచ్చటి మనిషి, ముక్కుపుడక తీసేసిన చోట చిన్న గుంట. భర్త శేషాద్రికి మెయిన్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. ఆయన ఆమెను పైదాకా తీసుకొచ్చి దిగబెట్టి, సూది చూడలేనని కింద బెంచీ మీద కూర్చుంటాడు.

“యాడ తగ్గుతాది అక్కా. అన్నం ముద్ద పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. నోట్లోకి వచ్చినాక తెలుస్తది.”

“నాకు కాళ్ళు. చెప్పు జారిపోయినా నడిచిపోతాండానంట, ఎనక ఆయన చెప్పు పట్టుకొని వస్తాడు.”

ఇద్దరూ చిన్నగా నవ్వారు. ఈ గదిలో వాళ్ళకిది మూడో శనివారం. మొదటి వారం అమ్మ ఆమెను అమ్మగారూ అందట, పిన్ని చెప్పింది, ఎప్పుడు అక్క అయిందో తెలియదు. తర్లుపాడు దగ్గర పల్లెలో చర్చి వెనక వీధి నుంచి వచ్చే జ్ఞానమ్మ మెయిన్ బజారు దుకాణం గడప దాటి ఎప్పుడూ లోపలికి పోయి ఉండదు, బయట నిలబడి గిన్నె అడిగి ఉంటుంది. ఇక్కడ రెండు గుండు తలలు, రెండు కొంగులు, మధ్యలో చాపంత జాగా. రాజేశ్వరమ్మ మేరీ వైపు తిరిగింది. “నువ్వేనా ఆ కంపెనీలో చేసేది? మీ అమ్మ వచ్చినప్పుడల్లా నీ మాటే.”

“మా పాపే,” అంది అమ్మ, కళ్ళు తెరిచి, దిండు మీద తల కాస్త ఎత్తి. “ఈ మందు చేసేకాడ్నే పని. చేసేది వేరేవోళ్ళు. బాగుండాదా లేదా చూసేది మా పాప. మా పాప చూసి సంతకం పెడితేనే బయటికి వస్తాది.”

“అట్లనా,” అంది రాజేశ్వరమ్మ. తన పైపు వంక, అందులో దిగుతున్న తెలుపు వంక చూసుకుంది. “అయితే నాకింకేం భయం లే.”

ఆ మాట మేరీకి వినిపించింది. దూరంగా రోడ్డు మీద పోయే మైకు మాటలా వినిపించింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి తల ఊపింది. తల ఊపినట్టు కూడా మెడకు తెలియలేదు. మే నెల నుంచి ఇట్లాగే ఉందా, నాయన పోయినప్పటి నుంచా. నాయన పేరు కృపావరం, పలకల గనిలో రాయి కొట్టేవాడు, ఆ దుమ్ము ఇరవై ఏళ్ళు పీల్చి, చివరికి రెండడుగులు వేసి ఆగి, ఆగి వేసేవాడు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా గోళ్ళ సందుల్లో నల్లగా ఉంది, ఎంత కడిగినా పోలేదు, పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ఆమె ఆ గోళ్ళనే చూస్తూ ఉంది, అందరూ ఏడుస్తుంటే ఎప్పుడు ఏడుపు వస్తుందా అని చూసింది, రాలేదు. మర్నాడు డ్యూటీ. అమ్మ పలకల ఫ్యాక్టరీలో కట్టలు కట్టేది. పన్నెండు పలకలకు ఒక కట్ట. సన్నగా బీట ఇచ్చిన పలకలు వస్తే మేస్త్రీ నడుమ పెట్టమనేవాడు, పైనా కిందా మంచివి, మధ్యలో బీటవి. అమ్మ పెట్టేది. అందరూ పెట్టేవాళ్ళు, కూలికి పోయిన చోట మేస్త్రీ చెప్పింది చెయ్యడమే పని. స్కూలు లేనిరోజు మేరీ కూడా పక్కన కూర్చొని తాడు అందించేది. ఆ పలక ఎవరికి పోతుందని ఎప్పుడూ అడగలేదు. ఎవరికో పోతుంది. విరిగితే ఇంకోటి కొంటారు. ముప్పై ఏడో బ్యాచ్ కూడా ఎవరికో పోయింది, లారీల్లో పోయింది, ఎన్ని ఊళ్ళకో. ఎవరికో అంటే ఎవరికీ కాదు. ఈ పొద్దు పదకొండున్నర దాకా అది ఎవరికీ పోలేదు.

ఇప్పుడు దానికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది, వెనక చెప్పు పట్టుకొని వచ్చే భర్త ఉన్నాడు. మేరీ ఆమె ఛాతీ మీద చీర లేవడం, దిగడం చూసింది. మామూలుగానే ఉంది. ముఖం ఉబ్బలేదు. ఏమీ కాదేమో. బుడగే అయి ఉంటే మంచి మందే, అమ్మకు ఎక్కుతున్నదానికీ దీనికీ తేడా లేదు, రెండు సీసాలు పాసయ్యాయి కదా, మూడింటిలో రెండు. మరి చెయ్యి ఎందుకు దాటిపోయింది. ఈ ప్రశ్న కొత్తగా వచ్చింది. పదకొండూ పదికి రాలేదు, ఇప్పుడు వచ్చింది. మంచిదని నమ్మి ఉంటే దగ్గరున్న కవరే తీసేది. చేతికి తెలుసు. మే నెలలో టైపు చేసింది కూడా ఈ చెయ్యే, దానికి అప్పుడూ తెలుసు. చుక్క బొట్టయింది, వేలాడింది, రాలింది. ఇంకొకటి. లేవాలని అనుకున్నట్టు ఆమెకు గుర్తు లేదు. లేచి ఉంది. రాజేశ్వరమ్మ స్టాండు దగ్గర నిలబడి, పైపు మీది చక్రాన్ని బొటనవేలితో కిందికి తోసింది. బొట్టు ఒకటి వేలాడి, రాలకుండా అక్కడే నిలబడిపోయింది.

“ఏంది పాపా, అయిపోయిందా?” అంది రాజేశ్వరమ్మ.

“లేదు పెద్దమ్మా. ఆపినాను.”

సుశీలమ్మను కేక వేసింది. సుశీలమ్మ వచ్చి, ఆగిన పైపు చూసి, పేషంటు ముఖం చూసి, నాడి పట్టుకుంది. “ఏందమ్మా, ఆమెకు బాగానే ఉందే, ఎవరు ఆపమన్నారు నిన్ను?” అంది. డాక్టరును పిలవమంది మేరీ. కరుణాకరం పైకి వచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది, ఆ ఐదు నిమిషాలూ అమ్మ సంచిలోంచి మాత్రం చుక్కలు పడుతూ ఉన్నాయి. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి, నిద్ర చాలని కళ్ళు. మేరీ ఖాళీ పెట్టె చేతిలో పెట్టుకొని, లాబ్‌లో రిపోర్టు చదివినట్టు చెప్పింది. బ్యాచ్, నెల, మొదటి అంకె, రెండోది, మూడోది.

“ఫైనల్‌గా పాసయిందా లేదా?” అన్నాడాయన.

“పాసయింది సార్.”

“మరి సమస్య ఏమిటి?”

“మొదటిది బుడగ వల్ల వచ్చిందని రాశాను. నేను బుడగ చూడలేదు.”

ఆయన పెట్టె తీసుకొని తిప్పి చూశాడు. గడియారం చూశాడు. సగం పైగా ఎక్కింది. “ఏమీ కాకపోవచ్చు,” అన్నాడు, రాజేశ్వరమ్మకు వినపడేట్టు. తర్వాత సుశీలమ్మతో, “ఇది తీసేసి మామూలు సెలైన్ పెట్టు. గంటకొకసారి బీపీ, ఆక్సిజన్ చూడు, సాయంత్రం దాకా పంపించొద్దు. కింద షాపులో ఈ నంబరువి ఎన్ని ఉన్నాయో పక్కన పెట్టించు,” అన్నాడు. మేరీ వైపు తిరిగి, “రాసి ఇస్తారా ఇది?” అన్నాడు. ఇస్తానంది. ఆయన ఇంకేదో అడగబోయి, ఆమె మెడలో వేలాడుతున్న కంపెనీ తాడు చూసి, పెట్టె తిరిగి ఆమె చేతికిచ్చాడు. ఊరికి వచ్చేటప్పుడు ఆ తాడు తీయడం మరిచిపోయింది, కార్డు జాకెట్టు లోపల ఉంది. మెట్లు దిగుతూ, “మీరు చెప్పడం మంచిదైంది,” అన్నాడు, అలవాటుగా.

సుశీలమ్మ తెల్ల సంచి తీసేసి, నీళ్ళలాంటి సంచి తగిలించింది. ఆమె అటు తిరిగాక రాజేశ్వరమ్మ అడిగింది, గొంతు పెంచకుండా, దుకాణంలో లెక్క సరిచూసుకునే మనిషిలాగా. “మీ అమ్మకు పెట్టింది?”

“అది వేరే నంబరు. అది బాగుంది.”

“కవరు నువ్వే కదా తీసిచ్చింది.”

“నేనే.”

“అప్పుడు తెలుసునా నీకు?”

“తెలుసు.”

రాజేశ్వరమ్మ ఇంక ఆమెను చూడలేదు. కొంగు మెడదాకా లాక్కొని పైన ఫ్యాను వంక చూసింది. “కింద ఆయన ఉన్నాడు. ఆయనకు నేను చెప్పుకుంటా. నువ్వు పోయి చెప్పొద్దు,” అంది. మేరీ సరేనంది. క్షమించమని అడగాలేమో. అడిగినా అది ఎవరికి మేలో ఆమెకు తెలియలేదు.

“నాది కూడా ఆపు,” అంది అమ్మ.

అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మొదటి నుంచీ వింటోంది. “నీది మంచిదేమ్మా,” అంది మేరీ.

“ఆపమంటాండా.”

“పది నిమిషాల్లో అయిపోతాది.”

అమ్మ ఎడమ చెయ్యి ఎత్తి కుడిచేతి ప్లాస్టరు వెదికింది. వేళ్ళకు స్పర్శ తెలియక అంచు దొరకలేదు, గోరుతో చర్మం మీదే గీరుతోంది. సుశీలమ్మ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. “నీకేమన్నా మతి పోయిందా జ్ఞానమ్మా?” అంది. ఈ మూడు వారాలూ మా పాప, మా పాప అని ఈ గదిలో చెప్పుకున్న మాటలన్నీ అమ్మ ముఖం మీదే ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది. మేరీ అమ్మ ముఖం చూడగలిగింది. అంత సేపు చూడగలగడమే వింతగా అనిపించింది. అప్పుడు పక్క మంచం మీంచి, ఫ్యాను మీంచి చూపు తిప్పకుండానే, రాజేశ్వరమ్మ అంది: “చెయ్యి కదిలియ్యద్దు జ్ఞానమ్మా. సూది పక్కకు జరిగితే చర్మంలోకి దిగుతాది. వాసిపోతది.” అమ్మ చెయ్యి ఆగింది. కాసేపటికి తల గోడవైపు తిప్పుకుంది. ఆ సంచి చివరి దాకా ఎక్కింది.

మేరీ ఖాళీ పెట్టె పట్టుకొని వరండాలోకి వచ్చింది. అక్కడి నుంచి బస్టాండు వైపు రోడ్డు కనిపిస్తుంది, ఎండలో పలకల లోడు ట్రాక్టరు ఒకటి టైరు దిగిపోయి ఆగి ఉంది, డ్రైవరు పక్కన కూర్చొని ఫోన్ చూసుకుంటున్నాడు. పెట్టె పక్క భాగంలో, ఎవరూ చదవని చోట, ఫిర్యాదులకు ఒక నంబరు ఉంటుంది. ఆ అట్ట మీద ఆ నంబరు సరిగ్గా పడిందా లేదా అని కూడా ఒకప్పుడు ఆమే చూసేది. ఇప్పటిదాకా దానికి ఎవరైనా ఫోన్ చేస్తారని అనుకోలేదు. లక్ష్మీకాంత్ సార్‌కు ముందు చెప్పాలా అని ఒక్క క్షణం అనిపించింది. చెబితే ఆయన కళ్ళజోడు తుడుచుకుంటాడు. తొందరపడద్దు పాపా అంటాడు, ప్రేమగానే అంటాడు, ఆ ప్రేమకు ఆమె ఆగిపోతుంది. కంపెనీ నంబరే కొట్టింది. కాసేపు సంగీతం వచ్చింది, తర్వాత చిన్న వయసు అమ్మాయి గొంతు. నమస్కారమండీ, ఈ కాల్ రికార్డ్ అవుతుందండీ, మీ పేరు చెప్తారా. చెప్పింది. ఏ మందు, ఏ ఊరు, బ్యాచ్ నంబరు చదవండి మేడం. చదివింది. పెట్టె చూడకుండానే చదివింది.

“మందు తీసుకున్న పేషంటు పేరండీ?”

“రాజేశ్వరమ్మ.”

“పేషంటుకు మీరేమవుతారు మేడం?”

లోపల సుశీలమ్మ బీపీ మిషను గాలి కొడుతున్న చప్పుడు వస్తోంది, బుస్సు బుస్సుమని. “ఏమీ కాను,” అంది మేరీ.

“అంటే, ఎవరి తరఫున మాట్లాడుతున్నారండీ?”

“ఆ బ్యాచ్ తొమ్మిదో నెల పరీక్ష చేసింది నేనే. మీ కంపెనీలోనే, స్టెబిలిటీ లాబ్‌లో. మొదటి రీడింగు రెండు వందల పన్నెండు వచ్చింది. బుడగ ఉండాదని రాసినా. బుడగ నేను చూడలా.”

ఆరేళ్ళుగా ఆఫీసులో మాట్లాడిన తెలుగు కాదది. ఎప్పుడు మారిందో తెలియలేదు, ఊళ్ళో మాట్లాడినట్టే వచ్చేసింది, దిద్దుకోవాలనిపించలేదు. అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

“సారీ మేడం, చివరిది వినపడలేదు. మళ్ళీ చెప్తారా?”

“చూడలా అంటాండా. చూడకుండానే రాసినా.”

లైను పోయిందేమోనని మేరీ ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. అప్పుడు ఆ అమ్మాయి, ఇంతకుముందు గొంతు కాకుండా ఇంకో గొంతుతో, తనూ ఎక్కడో ఒక ఊరి పిల్లలాగా, “ఉండండక్కా,” అంది. “నిదానంగా చెప్పండి. నేను రాసుకుంటున్నా.”